ఎదురు గది

గడియ వేసుకున్నాక కన్యకమ్మ మొదట చేసిన పని దిండు వాసన చూడడం. తరవాత అద్దం వెనక వేలు పోనిచ్చి తడిమింది. బాత్రూములో బకెట్టు బోర్లించి అడుగు చూసింది, కిటికీ రెక్క ఊపి చూసింది, మంచం కిందికి వంగి చూసింది. ఇవన్నీ ఆమెకు నేర్పినవాడు పట్టాభిరామ, ఆమె మొగుడు. లాడ్జిలో దేన్నీ నమ్మగూడదు కన్యకా, గోడను గూడా నమ్మగూడదు అని ఇరవై ఎనిమిదేండ్ల కిందట చెప్పినాడు. చిక్కబళ్ళాపురంలో పెండ్లి అయిన సాయంత్రం, సత్రంలో చోటు చాలక తీసుకున్న లాడ్జి గదిలో, బంధువుల సంచుల మధ్య నిలబడి చెప్పినాడు. కొత్త పెండ్లికొడుకు మొదటగా చెప్పాల్సిన మాట ఇదేనా అని ఆ పొద్దు ఆమెకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కొత్త ఉత్తరీయం తీసి దిండు మీద పరిచి, ఇంగ తల పెట్టుకో అన్నాడు. ఆ పాఠమంతా ఇప్పుడు ఆయన మీదికే తిప్పుకుని, చింతామణిలో కూరగాయల మార్కెట్టు వెనక ఒక లాడ్జిలో, రెండువందల ఆరో నంబరు గదిలో ఆమె నిలబడి ఉంది. ఎదురుగా రెండువందల ఏడు. ఆ తలుపు మూసి ఉంది, దాని వెనక ఆయన ఉన్నాడు. ఆయనతో ఇంకెవరున్నారో చూడడానికే ఆమె బాగేపల్లి నించి వచ్చింది. గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నర.

గడియ తీసి, తలుపు రెండు వేళ్ళ సందు తెరిచి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ సందులోంచి ఎదురు తలుపు, దాని కింద వెలుతురు గీత, వసారాలో పరిచిన పచ్చ రంగు గళ్ళ బండలు కనిపిస్తున్నాయి. వెలుతురు గీతలో నీడ ఏమన్నా కదులుతుందా అని చూసింది. కదల్లేదు. కదలకపోవడం ఇంకా చెడ్డది అనిపించింది. ఇద్దరు మనుషులు ఒక గదిలో ఉండి నడవకుండా ఉన్నారంటే దాని అర్థం చిన్నపిల్లకు కూడా తెలుసు. బాగేపల్లిలో వాళ్ళ దినుసుల అంగడికి ఎదురుగా కూడా ఒక లాడ్జి ఉంది. హైవే పక్కన లాడ్జి కాబట్టి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఇరవై ఎనిమిదేండ్లుగా ఆమె కందిపప్పు చెరుగుతూ ఆ మెట్లెక్కేవాళ్ళను చూస్తూనే ఉంది. చేతిలో పెట్టె ఉంటే పెండ్లికో పనికో వచ్చినవాళ్ళు. గుండు చేయించుకున్న పిల్లోడు వేలు పట్టుకుని వేలాడుతుంటే తిరుపతి నించి వచ్చినవాళ్ళు. పట్టపగలు, చేతిలో ఏమీ లేకుండా ఎక్కితే మాత్రం, పక్క కాఫీపొడి అంగడి వీణ, ఆమె ఒకరి మొగం ఒకరు చూసుకుని పెదవి విరిచేవాళ్ళు. ఈ పొద్దు అట్లాంటి మెట్లే ఈమె ఎక్కింది, చేతిలో ఏమీ లేకుండా. ఎదురంగట్లోంచి ఎవరు పెదవి విరిచినారో ఏమో.

రసీదులు మూడు. మూడూ ఆయన చొక్కా జేబుల్లోనే, బట్టలు మెషిన్లో వేసేముందు జేబులు తిరగేస్తుంటే దొరికినాయి. మొదటిది చూసినప్పుడు పాపం ఎండకు కాసేపు నడుము వాల్చినాడేమో అనుకుంది. రెండోది చూసినప్పుడు అట్ల అనుకోలేదు. మూడోది చూసినాక, క్యాలెండరు తీసుకుని కూర్చుంది. రెండు వారాలకొక గురువారం. చింతపండుకూ బెల్లానికీ అని ఆయన చింతామణి మార్కెట్టుకు వచ్చే గురువారాలే. వచ్చింది పదకొండున్నరకు, ఖాళీ చేసింది నాలుగుకు, గది నంబరు ప్రతిసారీ అదే. పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇంటికి చేరే మనిషికి మధ్యలో లాడ్జి ఎందుకు? తేజస్‌ను అడుగుదామనుకుంది. కొడుకును అడిగే మాటేనా ఇది. కోడలు మేఘతో చెబుదామా అనుకుంది. మేఘ మంచి పిల్లే, కాని ఆ మాట పుట్టింటికి చేరేదానికి ఒక ఫోను చాలు. ఎవరితోనూ చెప్పకుండా లోపలే నానబెట్టుకుంటే అనుమానం శెనగల్లా రాత్రి రాత్రికీ ఉబ్బుతూ వచ్చింది. గురువారం సాయంత్రాలు ఆయన మొగం కడిగినట్టు తేటగా ఉండేది. గురువారం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఒంటి మీద ఇంటి సబ్బు వాసన కాక ఇంకేదో సబ్బు వాసన. పోయినసారి అయితే కనకాంబరాలు మూర తెచ్చి, ఆమె అడగకుండానే తెచ్చి, దేవుడి గూట్లో పెట్టకుండా ఆమె చేతికే ఇచ్చినాడు. తప్పు చేసినవాళ్ళే పూలు తెస్తారని వీణ ఎప్పుడో, ఎవరి గురించో చెప్పిన మాట ఆ పూలతోబాటు తలలో తురుముకుని ఆ రాత్రి పడుకుంది.

అందుకే ఈ పొద్దు, సాదలిలో పెద్దమ్మను చూసొస్తానని మేఘకు చెప్పి, ఆయన ఎక్కిన బస్సు వెనక బస్సు ఎక్కింది. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. చాకవేలు దగ్గర టమాటా బుట్టలతో ఇద్దరు ఆడోళ్ళెక్కి, ఒకామె పక్కన కూర్చుని, యాడికమ్మా అని అడిగింది. ఆసుపత్రికి అని చెప్పింది కన్యకమ్మ. సాదలి అని ఇంట్లో, ఆసుపత్రి అని బస్సులో. అబద్ధాలు ఇంత తేలిగ్గా వస్తాయని ఆమెకు యాభై ఏండ్లొచ్చినాక తెలిసింది. మరి ఆయనకెంత తేలిగ్గా వస్తుంటాయో. చేలూరు దాటినాక రాళ్ళగుట్టల మధ్య బస్సు ఊగుతుంటే, ఆ ఆడమనిషి ఎట్ల ఉంటుందో ఊహించడం మొదలుపెట్టింది. మార్కెట్టులో వ్యాపారం చేసే, మొగుడు పోయిన ఆమె ఎవరో అయ్యుంటుంది, గట్టిగా మాట్లాడే మనిషి, గాజుల చెయ్యి. కాదు, చిన్నది అయ్యుంటుంది, నెమ్మదిగా మాట్లాడేది. ఈయనకు గట్టిగా మాట్లాడితే పడదు. ఆ మాటకొస్తే ఇంట్లో గట్టిగా మాట్లాడేది ఎవరు? తానే. ఆ ఆలోచనను కిటికీలోంచి బయటికి నెట్టేసి, కొంగు బిగించుకుంది.

కింద కౌంటర్లో ఉన్నతను పెద్దమనిషే. మెడలో మఫ్లరు, అరవై ఏండ్లు ఉంటాయి, వెనక బోర్డు మీద మునియప్ప, మేనేజరు అని రాసి ఉంది. మొదట కన్నడంలో, తరవాత ఆమె యాస విని తెలుగులో, ఒంటి ఆడోళ్ళకు రూము ఇయ్యమమ్మా అన్నాడు. లోకల్ కార్డుకు అసలే ఇయ్యము అన్నాడు. బాగేపల్లి మీకు లోకలా అని ఆమె అడిగింది. అదే జిల్లా కదమ్మా అన్నాడు. మరి బాగేపల్లి మొగోళ్ళకు ఇస్తారే అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగింది. కంట్లో మందు వేసినారు, చూపు మసకగా ఉండాది, మూడు గంటలు పండుకుని లేచి పోతాను అని చెప్పింది. అప్పటికే మూడో అబద్ధం, కాబట్టి నున్నగా వచ్చింది. అతను ఆమె చేతిలో సంచి ఉందేమో చూసినాడు, లేదని చూసినాడు, మొగం చూసినాడు, కార్డు తీసుకుని రెండువైపులా జెరాక్సు తీసినాడు. అంతసేపు గొణిగినవాడు ఉన్నట్టుండి మెత్తబడి, రెండువందల ఆరు తీసుకోండమ్మా అని తాళం ఇచ్చినాడు. రిజిస్టరులో ఆమె సంతకం చేసేచోటికి రెండు గీతలు పైన ఉంది ఆయన సంతకం. రెండువందల ఏడు. ఎంతమంది అన్నచోట ఒకటి. ఒకటే రాస్తారు, రెండోది తరవాత ఎక్కుతుంది. అడక్కుండానే సరిగ్గా ఎదురు గది ఎందుకిచ్చినాడన్నది మెట్లెక్కుతుంటే తట్టింది. దేవుడి దయ అనుకోబోయి, లాడ్జిలో దేన్నీ నమ్మగూడదు కదా అనుకుంది.

ఇప్పుడు తల పైకెత్తితే ఇంకో సంగతి కనిపించింది. గదికి పైకప్పు ఫ్యాను లేదు. పైన కొక్కెం పెట్టాల్సిన చోట సిమెంటుతో పూడ్చిన గుండ్రటి మచ్చ ఉంది. మూలన బల్ల మీద చిన్న ఫ్యాను. బాగా ఉన్న ఫ్యాను ఎందుకు పీకేస్తారు? అక్కడ ఏమన్నా పెట్టినారా, కెమెరాలు పెడతారంటారే. కుర్చీ ఎక్కి, కండ్లద్దాలు పెట్టుకుని ఆ మచ్చను గోటితో గీరి చూసింది. సున్నం రాలి కంట్లో పడింది. కంట్లో మందు అని చెప్పినందుకు కన్ను నిజంగానే మండుతుంటే, కొంగుతో ఒత్తుకుంటూ దిగుతుండగా తలుపు మీద టకటక.

మునియప్ప. నీళ్ళ బాటిలు పట్టుకుని నిలబడినాడు. ఆమె అడగలేదు. ఎర్రబడిన కన్ను చూసి, ఏడుస్తాండారా అమ్మా అన్నాడు. మందు వేసినారని చెప్పినా కదప్పా అంది. సరేలేమ్మా అని పోయినవాడు పది నిమిషాలకు తువ్వాలు తెచ్చినాడు. తువ్వాలు గదిలో ముందే ఉంది. వచ్చినప్పుడల్లా ఆమె భుజం మీదుగా గదంతా కలియజూసి పోతున్నాడు. ఆయనకు కబురు చెప్పేసినాడు, ఇంక సందేహం లేదు. మీ ఇంటామె వచ్చి ఎదురు రూములో కూర్చుంది, బయటికి రాకండి అని. లోపలున్నదాన్ని వెనక మెట్లనించి దించేదాకా నన్ను ఇట్ల నీళ్ళతో తువ్వాళ్ళతో ఆపుతాడు. వెనక మెట్లుంటాయా? ఉంటే ఏ వైపు? ఆ చిక్కబళ్ళాపురం లాడ్జిలో అయితే వెనకవైపు ఇనప మెట్లుండేవి. పెండ్లైన మరుసటి పొద్దున, లోపల అత్తలూ పిన్నమ్మలూ బాత్రూము కోసం కొట్లాడుకుంటుంటే, ఆయన ఆమెను ఆ ఇనప మెట్ల మీదికి పిలిచి, ఈడ కూర్చో, ఎవరూ రారు అన్నాడు. ఇద్దరూ ఒక గంటసేపు ఏమీ మాట్లాడుకోకుండా కూర్చున్నారు. కింద ఎవరో బస్సు తుడుస్తున్నారు. నంది కొండ మీద మబ్బు పట్టి ఉండింది. ఎవరూ పిలవకుండా గంటసేపు. ఆ తరవాత అట్ల మళ్ళీ ఎప్పుడు కూర్చున్నామని వెనక్కి వెతికింది. ఇల్లు అంగడి వెనకే, అంగడి తలుపు మూసేదే లేదు, ఇంటి తలుపు మూస్తే గాలాడదు. అత్తగారున్నంతకాలం అత్తగారు, తరవాత తేజస్ చదువు, ఆపైన పెండ్లి, మనవడు. వెతుకుతూ వెతుకుతూ ఎక్కడా తగలక తిరిగి ఆ ఇనప మెట్ల మీదికే వచ్చింది. తిక్క కోపం వచ్చింది. అంటే ఎవరూ పిలవని చోటు ఇప్పుడు ఇంకెవరికో చూపిస్తాండాడు.

మెట్ల మీద గాజుల చప్పుడు. కన్యకమ్మ సందుకు కన్ను ఆనించింది. నలభై ఏండ్ల మనిషి, పచ్చ చీర, తడి ఆరని జుట్టు ముడి. చేతిలో చీపురు లేదు, బకెట్టు లేదు, ఏమీ లేదు. నేరుగా రెండువందల ఏడు దగ్గరికి వచ్చి నిలబడింది. తలుపు తడుతుంది, ఇప్పుడే తడుతుంది అనుకుని కన్యకమ్మ కుర్చీ చేతిని పట్టుకుని లేవబోయింది. అరిచి పట్టుకోవాలా, తలుపు తెరిచినాక పోవాలా, మొదట ఆయన్ను అడగాలా దాన్ని అడగాలా అని బస్సులో అనుకున్న మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయినాయి. ఆ మనిషి తలుపు తట్టలేదు. వంగి, చెవి తలుపుకు ఆనించింది. కండ్లు మూసుకుని, ఉడికే బియ్యం చప్పుడు వినేదాని మాదిరి కాసేపు విన్నది. తల ఆడించుకుని వెనక్కి తిరిగి, అదే చెవి పెట్టడానికి రెండువందల ఆరు వైపు వచ్చింది. సందులో కన్యకమ్మ కన్ను చూసి ఉలిక్కిపడి ఆగిపోయింది.

ఎవరు నువ్వు, ఆ తలుపుకెందుకు చెవి పెట్టినావు అని కన్యకమ్మ తలుపు బార్లా తెరిచి అడిగింది. గొంతు తగ్గించండమ్మా, ఆ అన్న లేస్తాడు అంది ఆ మనిషి. లేస్తాడు అన్న మాట కన్యకమ్మకు అర్థం కాలేదు. అన్న అన్న మాట కూడా. ఇంతలో మునియప్ప మెట్లెక్కి వచ్చి, నువ్వు పో కెంపమ్మా, నేను చెప్తా అని ఆమెను పంపేసినాడు. కెంపమ్మ ఇక్కడ గదులు ఊడ్చే మనిషి అని చెప్పినాడు. వసారాలో దుప్పట్లు పెట్టే స్టూలు లాక్కుని, కన్యకమ్మ గుమ్మానికి కొంచెం దూరంలో కూర్చున్నాడు.

"మీ కార్డు వెనక చూసినానమ్మా. పట్టాభిరామ అని ఉండాది, భర్త పేరు. అందుకే ఈ రూము ఇచ్చినా. రెండుసార్లు పైకొచ్చినా, చెప్పేదానికి నోరు రాలే."

ఆయనతో ఎవరున్నారని అడగడానికి కన్యకమ్మ నోరు తెరిచింది. అతను ముందే అందుకున్నాడు. ఎవరూ లేరని చెప్పినాడు. ఇన్నాళ్ళలో ఎవరూ రాలేదని, ఆయన వచ్చేది నిద్రపోయేదానికని చెప్పినాడు. నాలుగు గంటలు నిద్రపోతాడు, లేచి మొగం కడుక్కుని, దుప్పటి తానే మడిచిపెట్టి పోతాడు. నిద్రా, అంది కన్యకమ్మ. ఇంట్లో మంచం లేదా ఆయనకు? పక్కలు లేవా? నిద్రపోయేదానికి ఎవరన్నా చింతామణి వస్తారా? మొగోళ్ళు ఒకరినొకరు కాపాడుకునే తీరు ఆమెకు తెలీనిదా. ఈ మేనేజరు కూడా ఆ లెక్కలోకే వస్తాడు, మఫ్లరు కట్టుకున్న పెద్దమనిషి అయినా.

అయితే ఆమె తలుపుకెందుకు చెవి పెట్టిందని అడిగింది. అక్కడ మునియప్ప ఆగినాడు. గోడవైపు చూసి, స్టూలు మీద అటూ ఇటూ సర్దుకుని, మెల్లగా చెప్పినాడు. లాడ్జి అంటే అన్ని రకాల మనుషులూ వస్తారు. నలభై ఏండ్లుగా చూస్తున్నాడు కాబట్టి, ఒంటిగా, సంచీ లేకుండా, మొగంలో ఏమీ లేకుండా వచ్చేవాళ్ళను చూస్తే అతనికి భయం. ముందు ఒకసారి అట్లాంటి మనిషికి గది ఇచ్చి, పొద్దున తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటినించి ఈ రెండు గదుల్లో ఫ్యాన్లు తీయించేసినాడు. అట్లాంటివాళ్ళొస్తే ఈ గదులే ఇస్తాడు. నీళ్ళని, తువ్వాలని, ఏదో ఒక సాకుతో తలుపు తడుతుంటాడు. కెంపమ్మ గంటకొకసారి వచ్చి గురక వినిపిస్తాందా లేదా అని చెవి పెట్టి పోతుంది.

"మీరొచ్చినప్పుడు గూడా అదే అనుకున్నానమ్మా. కార్డు చూడకపోయినా ఈ రూమే ఇచ్చేవాణ్ణి."

కన్యకమ్మ తల మళ్ళీ పైకెత్తి ఆ సిమెంటు మచ్చను చూసింది. ఆ మనిషి నన్ను చావొచ్చినదాన్ని అనుకున్నాడు. నాకు చావెందుకు, చంపేదానికి వచ్చినా నేను, అనుకుంది. అనుకుంటుండగానే ఆ మాటకు రెండో వైపు ఉందని తెలిసింది. ఎదురు గదికీ ఫ్యాను లేదు. ఈ భయం నా ఒక్కదాని గురించి కాదు, నాకంటే ముందు ఆయన గురించి. ఆయన మొదటిసారి ఎప్పుడొచ్చినాడని అడిగింది. ఉగాదికి ముందు, మార్చిలో, గురువారమే అన్నాడు మునియప్ప. ఒకటిన్నర అయింటుంది. గది కావాలన్నాడు, ఎందుకంటే చెప్పలేకపోయినాడు. తాళం ఇచ్చినాక కూడా అక్కడే నిలబడినాడు. ఈ మనిషిని ఒక్కణ్ణే పంపగూడదని నేనే కాఫీ తెప్పించి, ఆ రూములో మంచం మీదే కూర్చోబెట్టి, సాయంత్రం దాకా ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చున్నా. ఆ అన్న రెండు మాటలు గూడా మాట్లాడలే. అయిదు గంటలకు కూర్చున్నోడు కూర్చున్నట్టే నిద్రపోయినాడు. రెండు వారాలకు మళ్ళా వచ్చి, అదే రూము ఇవ్వప్పా, ఆ పొద్దు బాగా నిద్ర పట్టింది అన్నాడు.

మునియప్ప కిందికి పోయినాక కన్యకమ్మ కుర్చీలో ఉండిపోయింది. ఉగాదికి ముందు గురువారం. ఆ పొద్దు ఏమైంది. ఏదో ఒకటి అయ్యుండాలి, ఏమీ కాకుండా ఎవరూ అట్ల మెట్లెక్కరు. వెతికింది. రసీదుల కోసం జేబులు తిరగేసినట్టు ఆ రోజును తిరగేసింది. పొద్దున ఇడ్లీ. ఆయన రెండు తిన్నాడు. జల్లెడ తెమ్మని చెప్పింది, రాగిపిండికి, సన్న కన్నుది. సాయంత్రం ఎనిమిదైనా రాకపోతే తేజస్ ఫోను చేస్తే, బస్సు దొరకలేదన్నాడు. వచ్చినాక చేతులు ఖాళీ. జల్లెడ యాడ అని అడిగింది. మరచిపోయినా అన్నాడు. మరచిపోయేదానికి మీకేం పనుండాదని అంది, మేఘ ముందర, గట్టిగానే. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి తిన్నాడు. అంతే. ఇంకేమీ లేదు ఆ రోజులో. చావు అంచుదాకా పోయి తిరిగొచ్చిన మనిషిని తాను జల్లెడ అడిగింది. అది తెలిసి అడగలేదు కదా అని తనకు తానే చెప్పుకుంది. తెలుసుకోవాలని చూసిందా మరి? మూడు రసీదులు దొరకబట్టి క్యాలెండరు ముందర కూర్చున్న కండ్లే అవి. అంగడి గల్లా దగ్గర తేజస్ కంప్యూటరు పెట్టి కూర్చున్నప్పటినించి ఆయన తన అంగట్లోనే చేతులు యాడ పెట్టుకోవాలో తెలీక నిలబడేవాడు. అది రోజూ కనిపించేది. నాన్నా, ఆ పెట్టె యాడ. తాతా, బిస్కెట్టు. ఏమండీ, గ్యాసు. పొద్దుగూకులూ ఆయన్ను పిలుస్తూనే ఉండేవాళ్ళు. పిలిచింది పనికే. మనవడి ఏడుపు, మిక్సీ, టీవీ, తన గొంతు. రాత్రిళ్ళు ఆయన కండ్లు తెరుచుకుని పైకప్పు చూస్తుంటే, ఒకసారి తానే, ఏమి చూస్తాండారు ఆడ, పండుకోండి అని అటు తిరిగి పడుకుంది.

లేచింది. వసారా దాటడానికి నాలుగు అడుగులు. ఎదురు తలుపు ముందర నిలబడితే ఏమీ వినిపించలేదు. గురక లేదు. కెంపమ్మ విన్నప్పుడు ఉన్నది ఇప్పుడెందుకు లేదు? చెవి ఆనించింది. చెక్క చల్లగా తగిలింది, అంతే. గట్టిగా తట్టింది.

"ఉండానమ్మా, ఉండా," అన్నాడు లోపలినించి. నిద్ర గొంతు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు, విసుగు లేకుండా. "బాగుండా, నువ్వు పో కెంపమ్మా."

కన్యకమ్మ తలుపు చట్టం పట్టుకుంది. ఇన్నేండ్లలో ఉండారా అని తాను ఒక్కసారీ అడగలేదు కాబట్టి ఈ జవాబు ఆమె ఎప్పుడూ వినలేదు. నేనే అంది. లోపల చప్పుడు లేదు. నేను, కన్యకను అంది. మంచం కిర్రుమంది, గడియ జారింది.

బనీను మీద ఉన్నాడు. చెంప మీద దిండు గీతలు. ఆమెను చూసి ఎందుకొచ్చినావని అడగలేదు. ఆమె చూపు ఆయన భుజం దాటి గదిలోకి పోవడం చూసి, అర్థమై, పక్కకు తప్పుకున్నాడు. చూసుకో అన్నాడు. కోపంగా అనలేదు. తాళంచెవి చేతికిచ్చినట్టు అన్నాడు. ఆమె చూడలేదు. లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది. ఒకే దిండు, దాని మీద ఆయన ఉత్తరీయం.

"ఆ పొద్దు ఏమైంది?"

ఏ పొద్దని అడగలేదు ఆయన. మునియప్ప చెప్పినాడా అన్నాడు.

"ఏమీ కాలే కన్యకా. బస్టాండులో నిలబడినా. బాగేపల్లి బస్సొచ్చింది, ఎక్కలే. ఇంకోటొచ్చింది, అదీ ఎక్కలే. కాళ్ళు ముందుకు పోలే. అట్ల ఎన్ని పోనిచ్చినానో. కండక్టరు చంద్రు లేడా, మన అంగడికి వస్తాడే, వాడు, రాన్నా సీటుండాది అని పిలిచినాడు. వానికి జవాబు చెప్పలేక ఇట్ల వచ్చి ఈ మెట్లెక్కినా."

"చచ్చిపోదామనుకున్నారా?"

"అనుకున్నానో లేదో తెలీదు. ఆ మునియప్ప రూము చూపిస్తా పైకప్పు తట్టు ఒక చూపు చూసినాడు. అప్పుడు తెలిసింది, నేను ఇంగొకరికి అట్ల కనిపిస్తాండానని. భయమైంది. భయమైనాక నిద్రొచ్చింది."

మాతో ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. ఏమని చెప్పేది అన్నాడు. ఏమని చెప్పినా తాను, చాల్లే ఊరుకోండి, పనీపాటా లేక అని ఉండేదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. కింద మార్కెట్టులో ఎవరో వంకాయల వేలం పాడుతున్నారు, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తున్నారు. నేను ఇంకోటి అనుకొని వచ్చినా అంది ఆమె. తెలుసు, అన్నాడు. పోయినసారి పూలిచ్చినప్పుడే నీ మొగం చూసి అనుకున్నా. అదన్నా అనుకోనీలే, ఇది తెలిసేదానికంటే మేలు అనుకున్నా. ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన్ను పట్టుకుని ఏడిచే అలవాటు లేదు కాబట్టి దుప్పటి అంచు పట్టుకుని ఏడ్చింది. ఆయన ఆపలేదు. కాసేపటికి లేచిపోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టినాడు.

ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పాలి అంది ఆమె, మొగం తుడుచుకుని. బెంగళూరు వద్దు, చిక్కబళ్ళాపురంలో ఉండారు, ఇద్దరం పోదాం, తేజస్‌కు ఏమి చెప్పాలో నేను చూసుకుంటా. ఆయన చూద్దాం అన్నాడు. చూద్దాం కాదు, పోదాం అంది. గొంతు పెద్దదవుతుంటే తానే విని తగ్గించుకుంది. ఆయన ఆ తగ్గడం విన్నాడో లేదో గాని, సరే అన్నాడు.

మేఘ నించి ఫోను వచ్చింది. సాదలిలో పెద్దమ్మ ఎట్లుందని అడిగింది, మిక్సీ జారు యాడ పెట్టినారని అడిగింది. నేను సాదలిలో లేనమ్మా, చింతామణిలో ఉండా, మీ మామతో ఉండా, జారు కింద అరలో చూసుకో అని చెప్పి, ఇంకో ప్రశ్న రాకముందే ఫోను ఆపేసి మంచం మీద బోర్లించింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కూర్చుని ఆయన వీపు కదలడం చూస్తూ ఉంది. లోపలికి, బయటికి. నిద్రపోతున్నాడా, నటిస్తున్నాడా, ఇప్పుడు చెప్పింది అంతానా, ఇంకా లోపల ఏమన్నా ఉంచుకున్నాడా అని ఆమె కండ్లు ఆ వీపును వదల్లేదు. ఇంక ఎప్పటికీ వదలవేమో.

నాలుగు కావస్తుండగా ఆయన లేచి, మొగం కడుక్కుని, చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. నాలుగుంబావుకు బాగేపల్లి బస్సు ఉండాది, లేయి పోదామన్నాడు. బస్టాండు అంత దగ్గరలోనే ఉంది కాబట్టి బస్సు ఇంజను చప్పుడు, కండక్టరు చేలూరు, చాకవేలు, బాగేపల్లి అని పాడినట్టు పిలవడం గదిలోకి వినిపిస్తున్నాయి. కన్యకమ్మ లేవలేదు. ఆయన చేతిలోంచి చొక్కా తీసుకుని ఒడిలో పెట్టుకుంది.

"అది పోనీండి," అంది. "దాని తరవాతది ఉండాది కదా."